ముట్టకుండా ఆడిన ఆట

మొన్న మా మనవరాలు తన కూతురి బడిలో ఏదో వేడుక ఉందని నన్ను పట్టుబట్టి బయలుదేరదీసింది. మోకాళ్ల నొప్పి అన్నాను, ఎండ అన్నాను, చివరికి కట్టుకోవడానికి మంచి చీర లేదని కూడా అన్నాను. ఏదీ చెల్లలేదు. బడిలో ఒక పెద్ద గదినిండా చిన్న చిన్న బల్లలు వేసి, ఒక్కో బల్లమీద ఒక్కో ఆట పెట్టారు. మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక చిన్న టీచరు, నాకు చెవుడు ఉండే తీరుతుందని తనే నిర్ణయించేసుకుని, చెవి దగ్గర అరిచి మరీ వివరించింది. పిల్లలకు లెక్కలంటే భయం పోవడానికి ఇది కొత్త పద్ధతట, తెలివైన పిల్లలైతే ఆటల్లో ఇంకా తొందరగా అందుకుంటారట. నేను తల ఊపాను. ముసలివాళ్లు తల ఊపితే అందరికీ తృప్తిగా ఉంటుంది. కానీ నా కళ్లు ఆ మూల బల్లమీద ఉన్నాయి. అక్కడొక పిల్ల తన ఆట ఎప్పుడో ముగించేసి, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీ ఖాళీ. ఆ పిల్లతో ఆడడానికి ఎవరూ రావడం లేదు. ఎందుకు రావడం లేదో ఆ టీచరుకు తెలుసో లేదో గాని, నాకు తెలుసు.

మా చిన్నతనంలో మా వీధి ఆడపిల్లలకు ఉన్నది ఒకటే బడి. ఒక క్రైస్తవ సంఘం వాళ్లు నడిపేవారు. పెంకుల కప్పు, వెనక ఒక వసారా, వసారామీద మధ్యాహ్నానికి గాని రాని నీడ. మాది తమిళనాట తెలుగువాళ్లు స్థిరపడ్డ ఊరు గనక పాఠాలన్నీ తమిళంలో. ఇంట్లో మాట్లాడే తెలుగును చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి లోపలికి పోవాలి. మా టీచరమ్మ మాత్రం మాలాగే తెలుగు ఇంట్లో పుట్టిన మనిషే. కాకపోతే ఇల్లు వేరు, వీధి వేరు. కొత్తగా కట్టిన మిల్లుకు అవతల, కూలి పనులకు పోయే వాళ్ల ఇళ్లలో పుట్టి, సంఘం వాళ్ల చలవతో చదువుకుని టీచరైంది. పెళ్లి కాలేదో, అయి ఏమైందో మాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కతే ఉండేది. సాయంత్రం బడికి తాళం వేసి, గొడుగు చంకలో పెట్టుకుని, తల వంచుకుని మిల్లు దారి పట్టేది. వాళ్ల వీధిలో ఆమె చదువుకున్న టీచరు, మా వీధిలో ఆమె ఆ వీధి మనిషి. రెండు చోట్లా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లాడేవాళ్లు లేరు. ఇంత మాట ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పట్లో బడినుంచి రాగానే పెరట్లో కాళ్లూ చేతులూ కడిగి, పావడా మార్చుకుంటేనే మమ్మల్ని ఇంట్లోకి రానిచ్చేవారు. ఎందుకని నేనూ అడగలేదు. నీళ్లు చల్లగా ఉంటే మాత్రం సణిగేదాన్ని.

నాకు లెక్కలు వచ్చేవి. నేర్చుకున్నానని కాదు, వచ్చేవి, అంతే. టీచరమ్మ పలక మీద రాయమని చెప్పే లోపల జవాబు నోట్లోకి వచ్చి కూర్చునేది, దాన్ని ఆపుకోవడమే కష్టం. దీనివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. మిగతా పిల్లలు లెక్క చేసుకుంటున్నంతసేపూ నేను చేతులు కట్టుకుని గోడమీద బల్లిని చూస్తూ ఉండాలి. వీధిలోనూ అదే కథ. పిన్నమ్మ కూతుళ్లు దాయం ఆడుతుంటే పక్కన నిలబడి, ఎవరు ఎప్పుడు పండుతారో ముందే చెప్పేసేదాన్ని. రెండు మూడు సార్లు చూసి, నేను వస్తున్నానంటే చాపా గవ్వలూ చుట్టేసుకుని లోపలికి పోయేవారు. మా అమ్మ నా పసితనంలోనే పోయింది. నాయనకు పొద్దున పొలం, సాయంత్రం చావిడి. ఇంట్లో ఉన్నది నేనూ, మా అవ్వా, ముక్కు మొహం తెలియనివాళ్లను చూసి మాత్రమే లేచి నిలబడే ఒక తెల్లకుక్కా. ఆ కుక్కకు కూడా నాతో ఆట మీద పెద్ద ఆసక్తి ఉండేది కాదు.

టీచరమ్మ ఇదంతా ఎప్పుడు గమనించిందో తెలియదు. ఒకనాడు నేను బల్లిని చూస్తూ ఉంటే నన్ను వెనక వసారాలోకి పిలిచి, నేలమీద చింతగింజల కుప్ప పోసింది. "ఒకటో రెండో మూడో, నీ ఇష్టం, తీసుకో. తర్వాత నేను. ఆఖరి గింజ ఎవరు తీస్తే వాళ్లు గెలిచినట్టు" అంది. నేను ఓడిపోయాను. మళ్లీ ఆడాను, మళ్లీ ఓడాను. జీవితంలో మొదటిసారి ఒక ఆటలో ఓడిపోయి, ఏడుపుతో పాటు ఎక్కడో లోపల చక్కిలిగింత పెట్టినంత సంతోషం కలిగింది. కిటుకేమిటో ఆమె చెప్పలేదు. ఎప్పుడూ చెప్పేది కాదు. "ఇంకొకసారి ఆడు పాపా" అనేది, అంతే. కొన్నాళ్లకు ఇంట్లో చిక్కుళ్లు ఒలుస్తూ ఉండగా ఉన్నట్టుండి తట్టింది, ప్రతిసారీ ఆమె నాకు నాలుగేసి కుప్పలుగా పంచదగినన్ని వదులుతోందని. చిక్కుళ్లు అక్కడే పారేసి లేచి గంతులు వేశాను. ఆ తర్వాత తొమ్మిది గళ్ల ముగ్గు వచ్చింది. ఎటు కూడినా పదిహేను రావాలి. ఆ తర్వాత నేను మనసులో తలచుకున్న అంకెను ఆమె కనిపెట్టే ఆట. ఇంకో ఇద్దరు చురుకైన పిల్లలు కూడా మాతో చేరారు గాని, వాళ్లకు ఇళ్లలో చెల్లెళ్లు ఉండేవారు, పోట్లాడుకోవడానికి అన్నలు ఉండేవారు. నాకు మాత్రం ఆ వసారా తప్ప వేరే చోటు లేదు. ఒక్క సంగతి చెప్పాలి. ఆమె ఏ పిల్లనూ జాలిపడి గెలిపించలేదు. కన్నీళ్లు పెట్టుకున్నా సరే. గెలిచిన రోజున మాత్రం ఆ ముఖం చూడాలి. మా ముఖాలకంటే అదే వెలిగేది.

ఇంట్లో వంటకు చింతపండు తీశాక గింజలను ఒక జాడీలో వేసి ఉంచేవాళ్లు. ఆ జాడీ క్రమంగా ఖాళీ కావడం అవ్వ కంట పడింది. నన్ను పట్టుకుని అడిగితే బడి సంగతి అంతా చెప్పేశాను. అవ్వకు కోపం వచ్చింది. గింజలు పోయినందుకు కాదు, బడిలో లెక్కలు మాని ఆటలు ఆడిస్తున్నారని. "పళ్లికూడానికి పంపించేది కణక్కు నేర్చుకునేదానికా, జూదం ఆడేదానికా?" అని, పాలేరుతో టీచరమ్మకు కబురు పంపింది. అప్పటికి నాకు నాలుగో తరగతి ముగియవస్తోంది. మా వీధిలో ఏ పిల్లా అయిదో తరగతి మెట్టు ఎక్కలేదు. నన్ను ఇంకొక్క ఏడాది పంపించమని అడగడానికి టీచరమ్మ ఎలాగూ వద్దామనుకుంటూ ఉందని నాకు తెలుసు. ఆ ఒక్క ఏడాది కోసం నేను రోజూ పడుకునే ముందు మా ఊరి పక్కనున్న సంజీవి కొండవైపు తిరిగి దండం పెట్టుకునేదాన్ని. అయిదో తరగతి చదివి ఏమవుతానో తెలియదు. ఆ వసారా పోతే నేనేమవుతానో మాత్రం బాగా తెలుసు.

టీచరమ్మ సాయంత్రం, పని వదిలే వేళ మిల్లు సంగు ఊదిన తర్వాత వచ్చింది. చెప్పులు దూరంగా విడిచి, వీధిలోనే నిలబడింది. మా తిన్నె ఆమె భుజాల ఎత్తు ఉండేది. అవ్వ తిన్నెమీద స్తంభానికి ఆనుకుని కూర్చుని, జాడీ విషయం మొదలుపెట్టింది. టీచరమ్మ అంతా విని, "అమ్మా, మీరు పల్లాంగుళి ఆడుతారని వీధంతా చెప్తారే. మీకు కణక్కు ఎవరు నేర్పించినారు?" అని అడిగింది. పల్లాంగుళి అంటే ఆంధ్రదేశంలో వామనగుంటలు అంటారట, అదే. అవ్వ పెళ్లినాడు పుట్టింటివాళ్లు ఇచ్చిన చేవకర్ర పలక, రెండు వరసల్లో ఏడేసి గుంటలు. అవ్వను ఓడించినవాళ్లు మా వీధిలో లేరు. అందుకే కాబోలు, ఆమెతో ఆడడానికి ఎవరూ వచ్చేవారు కాదు. మా ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా ఆ పలకను తాకకూడదు కనక నాతోనూ ఆడేది కాదు. నాకున్న జబ్బు ఎక్కడినుంచి దిగివచ్చిందో నాకు తెలిసింది ఆ సాయంత్రమే. "అయితే ఆడుదామా?" అంది అవ్వ. "నువ్వు గెలిస్తే నేనే నా కొడుకుతో చెప్పి పిల్లను ఇంకొక వరుషం పంపిస్తాను. ఓడితే పిల్ల మాట ఎత్తకూడదు. సరియా?" టీచరమ్మ "సరి అమ్మా" అంది.

పలక వచ్చింది, గింజలు వచ్చాయి, అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు గాని ఇద్దరికీ గుర్తు రాలేదు, ఆమె ఆ పలకను ఎలా ముట్టుకుంటుంది? అవ్వ పలకవైపు చూసింది, టీచరమ్మ తన చేతులవైపు చూసుకుంది. తర్వాత టీచరమ్మే, చాలా మామూలుగా, "నేను గుంట చెప్తాను అమ్మా. పాప తీసి వేస్తాది" అంది. అవ్వ ఊపిరి పీల్చుకుని, "ఆమా, అదే మంచిది" అంది. తాకకూడని పలకను ఆ రోజు నాకు తాకనిచ్చారు. రాయడానికి కూర్చుంటే ఇప్పుడు నాకు సిగ్గు వేస్తోంది, కాని ఆ పూట నేను పొంగిపోయాను. అదీ నిజమే.

ఆట తెలియనివారికి రెండు మాటలు చెబుతాను. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరసగా ఒక్కో గుంటలో ఒక్కోటి వేస్తూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటవి తీసి మళ్లీ వేస్తూ పోవాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, ఆ ఖాళీని వేళ్లతో తుడిచి, దానికి అవతలి గుంటలో ఉన్నవన్నీ మనవి చేసుకోవాలి. మంచి ఆటగత్తె గుంట ఎత్తే ముందే ఎక్కడ ఆగుతుందో లెక్క వేసుకుంటుంది. అవ్వ కంటితో చూసి వేసుకునేది. టీచరమ్మకు కింద నిలబడితే గుంటల లోపలేముందో కనిపించదు. నేను ఎన్ని ఉన్నాయో చెప్పబోతే అవ్వ నా తొడమీద ఒకటి వేసి, "నువ్వు చెప్పేది లేదు" అంది. ఇక ఆమె నా చేతిని చూస్తూ ఆడింది. ఏ గుంట మీద ఎన్నిసార్లు వేళ్లు వాలాయో అంతా తలలో పెట్టుకుని, "నాలుగోది పాపా", "చివరిది పాపా" అంటూ పోయింది. ఆ గొంతులో తడబాటు లేదు. కొంచెంసేపటికి అవ్వకు ఒళ్లు తెలియలేదు. ఎన్నేళ్లకో తగిన జత దొరికింది కదా, కళ్లు మెరిసిపోతున్నాయి. "నిలబడి ఎంతసేపు ఆడుతావమ్మా, పైకి వచ్చి కూర్చో" అనేసింది. అని, నాలుక కరుచుకుంది. టీచరమ్మ విననట్టే, అన్నిటికంటే కింద ఉన్న మెట్టుమీద ఒక పక్కగా కూర్చుంది. అక్కడినుంచి ఆమెకు నా చెయ్యి కూడా సరిగ్గా కనిపించి ఉండదు.

వీధిలో జనం చేరారు. చావిడినుంచి నాయన, ఆయనతోపాటు ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. "ఏందమ్మా, తిన్నెమీద తిరునాళ్లు పెట్టినావు?" అన్నాడు నాయన నవ్వుతూ. అవ్వ తల ఎత్తకుండానే పందెం సంగతి చెప్పింది. నాయన ఆ రోజు మంచి ఉషారుగా ఉన్నాడు. "గెలిచేది ఏంది, ఓడినా పోనీ లే. ఒక వరుషమే కదా, పోయి వస్తాది" అన్నాడు, పక్కవాళ్లు వినేటట్టు. ఆ మాట టీచరమ్మ కూడా వింది. ఇక ఆమె గెలవనక్కరలేదు. ఓడిపోతే చాలు. ఓడిపోతే అవ్వ మురిసిపోతుంది, నాయన పెద్దమనసు చాటుకుంటాడు, నేను బడికి పోతాను. గెలిస్తే ఏమవుతుందో ఆ ఇద్దరు పెద్దమనుషుల ముఖాలు చూస్తే పలక పట్టని పిల్లకైనా తెలుస్తుంది.

ఆట చివరికి వచ్చింది. టీచరమ్మ వైపు రెండు గుంటల్లోనే గింజలు ఉన్నాయి. రెండోది ఎత్తితే అవ్వ గెలుస్తుంది. అయిదోది ఎత్తితే ఖాళీ గుంట పక్కన పడి, అవతల అవ్వ కూడబెట్టుకున్నదంతా పోతుంది. నేను లెక్క వేసేశాను. అవ్వ కూడా వేసేసిందని ఆమె పెదవులు బిగిసిన తీరు చెప్పింది. నా చెయ్యి రెంటి మధ్యా ఆగింది. రెండోది అనాలని మనసులో ఎంత మొక్కుకున్నానో! టీచరమ్మ మెట్టుమీదనుంచి లేచింది. నాయన వైపు ఒకసారి చూసింది, నా వైపు చూసింది. "అయిదోది పాపా" అంది.

నేను ఎత్తాను. ఒక్కోటి వేశాను. ఖాళీ గుంట తుడిచాను. అవ్వ గింజలన్నీ నా దోసిట్లోకి వచ్చాయి. నాయనతో వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన కండువా దులుపుకుంటూ, "బాగుండాది. మీ తిన్నె కిందనే నిలబడి మీ అమ్మను గెలిచి పోతా ఉండాది" అన్నాడు. నాయన ముఖంలో నవ్వు లేదు. అవ్వ మాత్రం తమలపాకులూ వక్కలూ తెప్పించి, తిన్నె అంచుదాకా తోసి పెట్టింది. టీచరమ్మ వాటిని తీసుకుని దండం పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అవ్వ మాట తప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది, మర్నాడు అడిగింది, పండగకు కొత్తబట్టలు పెట్టేటప్పుడు కూడా అడిగింది. "మాట ఇచ్చినాను రా" అంటే నాయన, "ఆటలో ఇచ్చేది మాట ఏందమ్మా? ఊరంతా నవ్వుతా ఉండాది" అన్నాడు. అంతటితో నా చదువు అయిపోయింది. ఎక్కడో యుద్ధం మొదలైందని చావిడిలో మగవాళ్లు రోజూ మాట్లాడుకునేవారు. నాకు మాత్రం ప్రపంచంలో జరిగిన అన్యాయం ఒక్కటే, అది మా తిన్నెమీద జరిగింది.

కొన్నాళ్లకు టీచరమ్మ మా పెరటి గోడ వెనక సందులోకి వచ్చింది. ఆమెను సత్రపట్టి అనే ఊరి బడికి మార్చారట, చెప్పిపోదామని వచ్చింది. గొడ్లచావిడి పక్కన గోడ కొంచెం విరిగి ఉండేది, అక్కడ నిలబడి మాట్లాడుకున్నాం. నేను ఏమీ దాచుకోలేదు. "ఎందుకు ఓడలేదు టీచరు? ఒక్క గుంట తప్పు చెప్పి ఉంటే నేను బడిలో ఉండేదాన్ని కదా" అని అరిచాను.

"నా చేతితో ఆడి ఉంటే ఓడిపోయేదాన్ని పాపా" అంది ఆమె. "నేను ఆడింది నీ చేతితో. తప్పని తెలిసి తెలిసి నీ చేతితో ఆ గుంట ఎట్లా తీయించేది?"

నాకు అప్పుడు ఆ మాట ఎక్కలేదు. గోడకు తల ఆనించి ఏడ్చాను. ఆమె చెయ్యి చాపింది, నా తలదాకా వచ్చింది, అక్కడే ఆగింది, వెనక్కు పోయింది. బడిలో ఎన్నోసార్లు నా జడ సరిచేసిన చెయ్యే అది. ఇది మా ఇల్లు కనక ఆగింది. నేనైనా ఆ చెయ్యి పట్టుకుని ఉండవలసింది గాని, కోపంలో ఉన్నాను. మళ్లీ ఆమెను చూడలేదు. చాలా ఏళ్లు ఆమె మీద కోపం పోలేదు. నా పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు ఒకనాడు, ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడానికి తప్పు జవాబును ఒప్పు అనబోయి, నోరు రాక ఆగిపోయాను. ఆ రోజునుంచి కోపం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఒక ఏడాది అంటే చిన్న సంగతి కాదు.

తర్వాతి మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. పత్తి ఏరేవాళ్లు అలిసిపోయి గోడనీడన పడుకునేవారు, వీధిలో కాకి కూడా అరిచేది కాదు. అవ్వా నేనూ ఒకే గదిలో ఉండి మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమెకు నా ముఖం చూడడం కష్టంగా ఉండేది, నాకు ఆమె జాలి చూడడం కష్టంగా ఉండేది. ఒకనాడు ఆమె ఏమనుకుందో, పలక తెచ్చి నా ముందు పెట్టింది. నేను పెద్దమనిషిని ఇంకా కాలేదు. ఆ మాట గుర్తు చేశాను. "పోతే పోయింది, ముట్టుకో" అంది. "ఇద్దరు ఆడేది వద్దు. నీకు సీతమ్మ ఆట చెప్తాను. సీతమ్మ అశోకవనంలో ఒక్కతే కూర్చుని ఆడిన ఆట." ఒక వరసే చాలట. మొదటి గుంటలో ఏడు గింజలు, తర్వాతి దాంట్లో ఆరు, అలా తగ్గిస్తూ చివరి గుంటలో ఒకటి. ఏడు ఉన్నదాన్ని ఎత్తి పక్క గుంటనుంచి చుట్టూ ఒక్కోటి పంచడం, మళ్లీ ఏడు ఉన్నదాన్ని ఎత్తడం. "అట్లా ఆడతా ఉంటే ఒకనాటికి అన్నీ ఒకే గుంటలోకి వస్తాయి. సీతమ్మకు అట్లా వచ్చిన రోజే రాములవారు వచ్చినారు" అంది అవ్వ. చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పిందట. తాతయ్య పోయినప్పటినుంచి ఎవరూ లేనప్పుడు ఆడుతూనే ఉందట, ఇంకా రాలేదట.

నేను రెండుసార్లు పంచి చూశాను. ఏడు ఉన్న గుంట ఒక అడుగు పక్కకు జరిగింది, అంతే. మిగతావన్నీ దాని వెనకే అదే వరసలో నడుస్తున్నాయి. ఏడుసార్లు పంచితే సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వస్తుంది, ఎన్నేళ్లు ఆడినా అంతే, ఒకే గుంటలోకి ఎన్నటికీ రావు. మూడో పంపకం ముగిసేసరికి నాకు జవాబు నోటిదాకా వచ్చింది. ఎప్పటిలాగే. టీచరమ్మ అయితే ఏం చేసేదో నాకు తెలుసు. తల ఎత్తి అవ్వను చూశాను. ఆమె నా చేతివైపే చూస్తోంది, ఈసారి నా చేతిలోనైనా వస్తుందేమోనని. నోరు మూసుకుని నాలుగోసారి పంచాను.

ఆ తర్వాత నా పెళ్లయి నేను వెళ్లేదాకా, ఇద్దరం దాన్ని వంతులవారీగా ఆడాం. ఆ ఆట ఎప్పటికీ ముగియదని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. అయినా ఆ మధ్యాహ్నాలు ఆమెకూ నాకూ ఒకే పొడుగున గడిచాయి.